బాతెల్‌లో నాన్న గంజాయి తనిఖీ

నాన్న ముప్పై రెండేళ్లు ఎక్సైజ్ శాఖలో పనిచేశారు. అందులో పద్నాలుగేళ్లు నర్సీపట్నం, చింతపల్లి వైపే. సారా, కల్లు, బ్రాందీ షాపులు అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే అయినా, ఏం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే "గంజాయి పట్టుకునేవాణ్ణి" అనే చెప్పేవారు. ఏజెన్సీలో తోటలు నరికించి, తగలబెట్టించి ఇంటికొచ్చిన రోజున అమ్మ ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. పెరట్లోనే ఖాకీ బట్టలు విప్పించి బకెట్లో నానేసేది. రెండుసార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. నాకు తొమ్మిదో పదో ఏట ఆ వాసనకి పేరు తెలియదు. అది నాన్న వాసన అనుకునేదాన్ని.

2014 వేసవిలో అమ్మా నాన్నా ఆరు నెలలుండేలా మా దగ్గరికి వచ్చారు. మేము సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో ఉండేవాళ్లం. నేను ఒక బయోటెక్ ల్యాబ్‌లో, మా ఆయన సాఫ్ట్‌వేర్‌లో. మా పాపకి అప్పటికి ఎనిమిదేళ్లు. వాషింగ్టన్ రాష్ట్రంలో గంజాయి లీగల్ చేస్తూ జనం ఓటేసి అప్పటికి ఏడాదిన్నర దాటింది, షాపులు మాత్రం సరిగ్గా ఆ వేసవిలోనే తెరుస్తున్నారు. ఆ సంగతి నేను నాన్నకి ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. మర్చిపోయి కాదు. చెప్పడానికి నోరు రాలేదు.

వాళ్లు వచ్చిన మూడో రోజు సాయంత్రం అందరం ఇంటి వెనకాల చెక్క అరుగు లాంటి డెక్ మీద కూర్చుని టీ తాగుతున్నాం. నాన్న కప్పు సగంలో ఆపి, ముక్కు కొంచెం పైకెత్తారు.

"ఎవరో గంజాయి కాలుస్తున్నారు," అన్నారు.

"నో తాతయ్యా, అది స్కంక్," అంది మా పాప. ఆ జంతువు తోకెత్తి వాసన ఎలా కొడుతుందో లేచి నిలబడి చూపించింది కూడా.

నాన్న దాన్ని దగ్గరికి తీసుకుని, "నీ జంతువు ఎక్కడుందో గానీ, ఇది మాత్రం గంజాయేనమ్మా. బాగా ఎండబెట్టిన సరుకు. మన శీలావతి కాదు, వేరే రకం," అన్నారు. శీలావతి మా ఏజెన్సీ కొండల్లో పండే రకం. మనుషుల్ని చూసి ఊరు చెప్పేవాళ్లుంటారు, నాన్న వాసన చూసి ఏ కొండ మీద పండిందో చెప్పేవారట.

ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. "ఇక్కడ అది లీగల్ నాన్నా."

"డాక్టరు చీటీ మీదా?"

"చీటీ కూడా అక్కర్లేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే చాలు. షాపులు పెడుతున్నారు."

ఆయన టీ పూర్తి చెయ్యలేదు. కప్పు కింద పెట్టి, "ఎకరాలకి ఎకరాలు నరికించాను," అన్నారు. అంతే. లేచి లోపలికి వెళ్లి టీవీ పెట్టుకున్నారు. సౌండ్ లేకుండా.

ఆ వాసన మా పక్కింట్లోంచి వచ్చింది. అక్కడ ఉండే పెద్దాయన డెబ్భై దాటిన మనిషి, స్కూల్ బస్ నడిపి రిటైరయ్యాడు, భార్య లేదు. క్యాన్సర్‌కి ఆపరేషనై, కీమో నడుస్తోంది. నాలుగు రోజుల తర్వాత నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న ఫెన్స్ దగ్గర నిలబడి ఆయనతో మాట్లాడుతున్నారు. పరుగున వెళ్లాను.

"సర్, యూ ఆర్ స్మోకింగ్ డైలీ హౌ మెనీ టైమ్స్?" అని నాన్న అడుగుతున్నారు, చేతిలో కాగితం లేదన్న మాటే గానీ స్టేట్‌మెంట్ రికార్డు చేసే గొంతుతో.

నేను సారీ చెప్పబోతే పెద్దాయన చెయ్యి ఊపి ఆపాడు. కీమో అయిన రోజున నీళ్లు కూడా కడుపులో నిలవవని, రెండు దమ్ములు పీలిస్తే అరగంటకి కాస్త ఆకలి పుడుతుందని, ఆ ఆకలి ఉన్న కాసేపట్లో ఏదో ఒకటి తినేస్తానని చెప్పాడు. నాన్న శ్రద్ధగా విన్నారు. "ఏం తింటారు?" అని అడిగారు. డబ్బాలోని సూప్ అన్నాడాయన.

లోపలికి వచ్చి నాన్న ఆ మాట అమ్మతో అన్నారు. అమ్మకి చట్టాలతో పని లేదు. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం మెత్తగా కలిపిన పెరుగన్నం, అల్లం, కరివేపాకు లేకుండా, గిన్నెలో పెట్టి ఫెన్స్ మీదుగా అందించేది. మొదటి రోజు ఆయన మూడు చెంచాలు తిన్నాడు. వారం తిరిగేసరికి గిన్నె ఖాళీగా, కడిగి వెనక్కి వచ్చేది. అటు వైపు నుంచి వాసన వచ్చిందంటే అమ్మ, "ఆయనకి ఆకలేసే వేళయింది," అని లేచేది. నాన్న అమ్మని అలా వింతగా చూస్తుండేవారు.

జూలై చివర్లో మా ఆయన స్నేహితుడొకడు మిచిగన్‌లోని నోవై నుంచి వచ్చాడు. ఇద్దరూ ఎమ్మెస్‌లో రూమ్మేట్లు. నోవైలో కార్ల కంపెనీలో ఇంజనీరు. భార్య పురిటికి ఇండియా వెళ్లింది, ఇంట్లో ఒక్కడూ ఉండలేక నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చానన్నాడు. ఫెర్రీ ఎక్కాలి, కొండ చూడాలి అని లిస్టు చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "ఆ షాపు కూడా చూడాలిరా," అన్నాడు. మిచిగన్‌లో అప్పటికి పేషెంట్లకే తప్ప మామూలు వాళ్లకి అమ్మరు. వాళ్ల టీమ్‌లో సగం మంది, ముందే ఇలాంటి షాపులు తెరిచిన డెన్వర్ అప్పటికే వెళ్లొచ్చారట.

గొంతు తగ్గించినా నాన్నకి వినబడింది. "నేనూ వస్తాను," అన్నారు.

"మీరా అంకుల్?"

"షాపు చూడాలనే కదా బాబూ అన్నావు. నేనూ చూస్తాను."

మా ఆయనకి ఆఫీసు ఉండటంతో శుక్రవారం నేనే సెలవు పెట్టి వాళ్లిద్దర్నీ డ్రైవ్ చేసుకుని తీసుకెళ్లాను. ఇరవై నిమిషాల దూరం. ఒక టైర్ల షాపుకీ నెయిల్ సెలూన్‌కీ మధ్య ఉంది. బయట పొడుగాటి లైను. నాన్న లైన్లో నిలబడకుండా ముందు పార్కింగ్ లాట్ అంతా ఒక చుట్టు చుట్టి వచ్చారు. కార్ల నంబర్ ప్లేట్లు చూశారు.

"బయటి రాష్ట్రాల బళ్లున్నాయి. ఇడాహో నాలుగు, మాంటానా ఒకటి, ఓరెగాన్ ఆరు," అన్నారు వచ్చి. "అక్కడ ఇది నేరమేనా?"

"మామూలు వాళ్లకి షాపులో అమ్మడం అయితే అక్కడెక్కడా లేదు నాన్నా."

"మరి వీళ్లంతా ఇక్కడే కూర్చుని కాల్చి వెళ్తారా, డిక్కీలో పెట్టుకుని వెళ్తారా?"

మా ముందున్న ఇడాహో దంపతులు ఎనిమిది గంటలు నడుపుకుని వచ్చామని, మోటెల్ రూమ్‌లో పొగ తాగనివ్వరని, ఎక్కడ కాల్చుకోవాలో తెలియడం లేదని నవ్వుతూ చెప్పారు. రోడ్డు మీద కాల్చడం ఇక్కడా తప్పే. నాన్న వాళ్లకేసి జాలిగా చూశారు.

గుమ్మం దగ్గర గార్డు వయసు చూడటానికి ఐడీ అడిగాడు. అరవై ఏడేళ్ల నాన్న తన పాస్‌పోర్టు తీసి ఎంత గర్వంగా ఇచ్చారో చెప్పలేను. "కరెక్ట్. అందర్నీ అడగాలి. మొహం చూసి వదలకూడదు," అని నాతో తెలుగులో మెచ్చుకున్నారు.

లోపల మా స్నేహితుడు అద్దాల బల్ల మీదకి వంగి రకాలు అడుగుతుంటే, నాన్న గోడకున్న లైసెన్సు ఫ్రేమ్ దగ్గరికి వెళ్లి కళ్లజోడు సర్ది మొత్తం చదివారు. తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి ఒక పాకెట్ చూపించమన్నారు. పండించినవాడి నంబరు, బ్యాచి నంబరు, తూకం, టెస్టు చేసిన ల్యాబ్ అన్నీ లేబుల్ మీద ఉన్నాయి. సీల్ మీద గోరుతో గీకి చూశారు. లేవలేదు.

కౌంటర్లో ఉన్న అమ్మాయి, ముక్కుకి రింగు, చేతుల నిండా పచ్చబొట్లు, ఒక్కసారి నిటారుగా నిలబడింది. "సర్, మీరు స్టేట్ నుంచి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారా?"

"నో మేడమ్. రిటైర్డ్. ఇండియా," అన్నారు నాన్న. కానీ ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఆ అమ్మాయి ఆయన్ని వదల్లేదు. స్టాకు రిజిస్టరు కంప్యూటర్లో ఎలా ఉంటుందో, కెమెరాలు ఎక్కడున్నాయో చెప్పింది. పాడైపోయిన సరుకు ఏం చేస్తారని నాన్న అడిగారు. మెత్తగా పొడి చేసి, అంతకి అంత వేరే చెత్త కలిపి, ఇక ఎందుకూ పనికిరాకుండా చేసి పారేయాలట, అది రూలట. నాన్న నా వైపు తిరిగి, "మేము కిరోసిన్ పోసి తగలబెట్టేవాళ్లం. పొగకి మా గార్డులే తూలిపోయేవారు. ఇది నయం," అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాదన మొదలైంది. మా స్నేహితుడు మంచి హుషారు మీదున్నాడు. "చూశారుగా అంకుల్! అంతా ఓపెన్‌గా, నీట్‌గా. టాక్స్ వస్తుంది, టూరిస్టులొస్తారు, హోటళ్లు నిండుతాయి. దొంగచాటుగా అమ్మేవాడు మాయమైపోతాడు. ఇండియాలో కూడా ఇలాగే చెయ్యాలి. మీరేమంటారు?"

"టాక్సు మాట నాకు చెప్పకు బాబూ," అన్నారు నాన్న. "ఒక ఏడాది నేనే దగ్గరుండి సారా వేలంపాటలు పాడించాను. ఖజానాకి డబ్బొచ్చిందని కలెక్టరు గారు మెచ్చుకున్నారు. తర్వాత అదే సారా అమ్మినందుకు నేనే మనుషుల్ని లోపలేశాను. ఆ తర్వాత బ్రాందీ కూడా బంద్ అన్నారు, మళ్లీ రెండేళ్లకి తెరవమన్నారు. తెరిచినప్పుడు లైసెన్సులు రాసిందీ నేనే. మూడుసార్లూ చట్టం ప్రకారమే చేశాను."

"మరి అదే కదా నేననేది! చట్టం ఎటు తిప్పితే అటు. అందులో పాపం ఏముంది?"

అమ్మ పులుసు వడ్డిస్తూ అందుకుంది. "సారా షాపు మీదకి చీపుర్లు పట్టుకెళ్లిన ఆడవాళ్లని అడుగు నాయనా, ఏముందో. ఈ పక్కింటాయనకి మందు. నీకేమో సరదా. రెంటికీ ఒకటే షాపు పెడితే ఎలా?"

"సరదా ఉండకూడదా ఆంటీ?"

"ఉండొచ్చు. సరదాకి పోయినవాడి కోసం ఇంట్లో ఎదురుచూసే మనిషి ఒకరుంటారు, వాళ్లకి సరదాగా ఉండదు," అంది అమ్మ. తర్వాత మాట మార్చి, వాళ్ల ఆవిడకి ఎన్నో నెలని అడిగింది. ఏడో నెల అన్నాడతను, మెత్తబడి.

అతను వెళ్లాల్సిన ఉదయం. ఫ్లైట్ మధ్యాహ్నం. నాన్న వాకింగ్ నుంచి వచ్చి షూ విప్పుతుంటే అమ్మ కాఫీ ఇస్తూ మాటల్లో అంది. "పాపం, ఆ అబ్బాయికి మన కాఫీ పొడి భలే నచ్చిందటండీ. డబ్బా ఒకటి అడిగి సగం పైగా పొడి పట్టుకెళ్తున్నాడు."

నాన్న ఒక షూ విప్పి ఒకటి విప్పకుండానే లేచి నిలబడ్డారు.

"డబ్బా అడిగాడా?"

చింతపల్లి కొండల నుంచి కిందికి దిగేది కాఫీ మూటలే. ఆ మూటల్లోనే గంజాయి దిగేది. కాఫీ ఘాటు ముందు వేరే ఏ వాసనా తెలియదు.

నాన్న అతన్ని డెక్ మీదకి పిలిచారు. నేను వంటింటి కిటికీ దగ్గరున్నాను. వినకూడదనుకున్నాను గానీ కదల్లేకపోయాను.

"ఆ కాఫీ డబ్బాలో ఏముందో నేను అడగను. నువ్వే చెప్పు," అన్నారు.

"కొంచెమే అంకుల్. మొన్న షాపులో కొన్నదే. గంజాయి కలిపిన తినే బిళ్లలు నాలుగు, ఆకు చిన్న పాకెట్. అక్కడ ఫ్రెండ్స్‌కి. ఇంత దానికి ఎవరూ పట్టించుకోరు."

"పట్టించుకోకపోవచ్చు. నేనూ ఎంతోమందిని చూసీ చూడనట్టు వదిలేశాను. నీ గ్రీన్‌కార్డు ఎక్కడిదాకా వచ్చింది?"

"వెయిటింగ్‌లో ఉంది."

"ఈ షాపుకి లైసెన్సిచ్చింది స్టేటు. విమానమూ, నీ గ్రీన్‌కార్డూ సెంట్రల్ వాళ్లవి. వాళ్ల పుస్తకంలో ఇది ఇంకా నేరమే కదా? నువ్వు సిటిజన్‌వి కూడా కావు. ఈ మాత్రం నేను పేపర్లో చదివితేనే తెలిసింది, నీకు తెలియదా?"

నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. తర్వాత ఆయన చెప్పింది నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు.

సీలేరు దారిలో చెక్‌పోస్టు. పొద్దున్నే వచ్చే బస్సు. వెనక సీటు కింద కాఫీ మూట, ఆ మూట తనదేనన్న ఆడమనిషి. నలభై ఏళ్లుంటాయి. ఎవరో ఎత్తి పెట్టారు, ఎవరో దింపుకుంటారు, మధ్యలో తనదని చెప్పడమే ఆమె పని. మూటలో ఎంతుందో కూడా ఆమెకి తెలియదు. తూస్తే పెద్ద కేసుకి సరిపడా ఉంది. పదేళ్లకి తక్కువ పడని కేసు.

"అన్నీ సవ్యంగా చేశాను," అన్నారు నాన్న. "సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తుల్ని పిలిచాను. శాంపిల్ తీశాను. లక్క ముద్ర వేశాను. కేసు ఎక్కడా చెడలేదు. జీపు ఎక్కించేటప్పుడు ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. బాబూ, మేకలు కట్టేసి వచ్చాను, ఎవరినైనా పంపి విప్పించండి అంది. సరే అన్నాను. ఊరి పేరు కూడా రాసుకున్నాను. తర్వాత కోర్టు, రిమాండు, పై ఆఫీసుకి రిపోర్టు. ఆ పనుల్లో పడి మర్చిపోయాను. మూడో రోజు గుర్తొచ్చి గార్డుని పంపాను."

"ఏమైంది అంకుల్?"

"గార్డు వెనక్కొచ్చాడు. నేను అడగలేదు. అతనూ చెప్పలేదు."

పక్కింటి వైపు గడ్డి కోసే యంత్రం చప్పుడు కాసేపు వినిపించి ఆగింది.

"ఇప్పుడు ఇక్కడ అద్దాల బల్ల మీద పెట్టి అమ్ముతున్నారు," అన్నారు నాన్న. "అది తప్పంటున్నానా? ఆ పెద్దాయన అన్నం తింటుంటే నా కళ్లతో చూస్తున్నాను. కానీ గీత ఒకటి ఎక్కడో ఉంటుంది బాబూ. గీతకి ఇవతల సరుకు, అవతల కేసు. నా సర్వీసంతా ఆ గీత దగ్గర నిలబడ్డాను. గీత దాటినవాళ్లలో చెడ్డవాళ్లు చాలా తక్కువ. ఏమీ కాదులే అనుకున్నవాళ్లే ఎక్కువ. నీ భార్యకి ఏడో నెల."

అతను లోపలికి వెళ్లి సూట్‌కేసు విప్పి, డబ్బా తెచ్చి నాన్న ముందు పెట్టాడు. మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో నాకు తెలియలేదు.

ఆ డబ్బా ఏం చెయ్యాలన్నది తర్వాతి సమస్య. పక్కింటాయనకి ఇచ్చేద్దామన్నాను నేను. నాన్న ససేమిరా అన్నారు. "ఆయన తన సరుకు తాను కొనుక్కుంటాడు. నేను పంచిపెట్టేవాణ్ణి కాదు." షాపులో అమ్మాయి చెప్పిన పద్ధతే చేద్దామన్నారు. బిళ్లలూ ఆకూ మిక్సీలో వేస్తాననగానే అమ్మ మిక్సీకి అడ్డం నిలబడింది. చివరికి పాత రోకలితో దంచి, ఫిల్టరులో మిగిలిన కాఫీ పిప్పి, గిన్నెల సబ్బు నీళ్లు కలిపి, పేస్టులా చేసి, ప్లాస్టిక్ సంచిలో మూట కట్టారు. అంతా అయ్యేదాకా నన్నూ అమ్మనీ పక్కన నిలబెట్టారు.

"మేమెందుకండీ?" అంది అమ్మ.

"ధ్వంసం చేసేటప్పుడు ఇద్దరు మధ్యవర్తులుండాలి."

అప్పటిదాకా బిగుసుకుని నిలబడ్డ మా స్నేహితుడు పకపకా నవ్వేశాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేటప్పుడు నాన్న కాళ్లకి దణ్ణం పెట్టాడు. అమ్మ ఇంకో డబ్బాలో, ఈసారి ఉత్త కాఫీ పొడే, నింపి ఇచ్చింది. ఎయిర్‌పోర్టులో వాళ్లు ఆ డబ్బా మూత తీసి వాసన చూశారట. దిగాక ఫోన్ చేసి మొదట ఆ సంగతే చెప్పాడు.

జరిగిందంతా నాన్న పక్కింటాయనకి ఫెన్స్ దగ్గర నిలబడి, తన ఇంగ్లీషులో, అభినయంతో సహా చెప్పారు. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "నాకిచ్చి ఉండాల్సింది మిత్రమా," అన్నాడు. "అయామ్ నాట్ ఆథరైజ్డ్," అన్నారు నాన్న. ఆ తర్వాత వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకునేవారు. ఒకాయన తన కుర్చీలో పొగ వదులుతూ, ఇంకొకాయన ఫెన్స్‌కి ఇవతల, గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి ఎదురు వైపు కుర్చీ వేసుకుని. నాన్న మాత్రం ఒక్కసారైనా దమ్ము పీల్చలేదు. పెద్దాయన అడగనూ లేదు.

నోవైలో మా స్నేహితుడికి ఆ అక్టోబరులో కూతురు పుట్టింది. ఇండియా నుంచి భార్య పంపిన మొదటి ఫోటో తన తల్లిదండ్రుల తర్వాత మా నాన్నకే ఫార్వర్డ్ చేశాడు. డిసెంబరులో అమ్మా నాన్నా వెళ్లిపోయారు. వెళ్లే ముందు అమ్మ పక్కింటాయనకి పెరుగు తోడెయ్యడం నేర్పింది. మరుసటి వసంతంలో ఆయన పోయాడు. కీమో ఆపేశాక కూడా నాలుగు నెలలు ఇంట్లోనే, తన డెక్ మీదే ఉన్నాడు. ఫోన్లో చెబితే అమ్మ ఏడ్చింది. నాన్న అంత్యక్రియలకి నన్ను తప్పకుండా వెళ్లమన్నారు. వెళ్లాను.

ఆ వేసవిలోనే విశాఖలో రిటైర్డ్ ఎక్సైజ్ ఉద్యోగుల సమావేశం ఒకటి జరిగిందట. అమెరికా వెళ్లొచ్చారు కదా, అక్కడి విశేషాలు నాలుగు ముక్కలు చెప్పమని నాన్నని స్టేజీ ఎక్కించారు. అందరూ నయాగరా గురించి చెబుతారని ఎదురుచూశారు. నాన్న షాపు గురించి చెప్పారు, నంబరు ప్లేట్ల గురించి, పెరుగన్నం తిన్న మనిషి గురించి, బస్సులో పట్టుకున్న ఆడమనిషి గురించి చెప్పారు. సగం మంది టీకి లేచిపోయారు. ఒకాయన నిలబడి, అంటే మన సర్వీసంతా తప్పేనంటారా అని గట్టిగా అడిగాడు.

"మీరేమన్నారు నాన్నా?" అన్నాను ఫోన్లో.

"తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు, తెలిసినవాళ్లుంటే స్టేజీ మీదకొచ్చి చెప్పండి అన్నాను. ఎవరూ రాలేదు."

మీటింగ్ అయిపోయాక ఇంకా సర్వీసులో ఉన్న సబ్ ఇన్‌స్పెక్టరొకడు వచ్చి, అక్కడి సీల్ ఎలా ఉంటుంది, వేస్టు ఏం చేస్తారు, పక్క రాష్ట్రం వాళ్లని ఎలా ఆపుతారు అని వరసగా అడిగాడట. హాలు బయట మెట్ల మీద కూర్చుని నాన్న అతనికి అన్నీ కాగితం మీద గీసి చెప్పారు. ఆపలేకపోతున్నారన్న సంగతి కూడా చెప్పారు. ఈలోగా ఇంటికెళ్లే అనకాపల్లి బస్సు వెళ్లిపోయింది. ఎండలో ఆటోలు మారి మారి ఇంటికి చేరారని, భోజనం చల్లారిపోయిందని, రిటైరైనా ఈ మనిషికి డ్యూటీ తప్పలేదని, ఫోన్ లాక్కుని అమ్మ నాకు ఫిర్యాదు చేసింది.